వికీపీడియా జీవితచరిత్రకు వంశవృక్షాన్ని మూలంగా ఇవ్వొచ్చా? దత్తత, పుట్టిన తేదీ మీద రెండు శాఖల తగువు

గోదారిగట్టు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. తెలుగు వికీపీడియాలో ఒక ఉపాధ్యాయుడు, రచయిత మీద వ్యాసం ఉంది. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళినాయన, 1963లో పోయారు. వారసులు రెండువైపులా ఉన్నారు కాబట్టి పేరు ఇక్కడ రాయడం లేదు. నాకు ఆ కుటుంబంతో చుట్టరికం లేదు. వ్యాసం నా వీక్షణ జాబితాలో ఉంది కనుక తగువు కళ్ళబడుతోంది.

మొదటి పేచీ తండ్రి పేరు మీద. ఆయన చిన్నప్పుడే దత్తత వెళ్ళారు. పుట్టింటివైపు వారు కన్నతండ్రి పేరు చేరుస్తున్నారు, దత్తతవైపు వారు తీసేస్తున్నారు. "దత్తత అయ్యాక ఆ ఇంటితో సంబంధం తెగిపోయినట్టే, చట్టమే చెప్తోంది" అన్నది వీళ్ళ వాదన. చేర్చేవారు చూపే ఆధారాలు రెండు: కుటుంబం సొంతంగా అచ్చేయించుకున్న చిన్న వంశవృక్షం పుస్తకం, జెనీ అనే వంశవృక్షాల సైటులో ఒక పేజీ.

రెండోది పుట్టిన సంవత్సరం. వంశవృక్షంలో 1899, బడి రికార్డులో 1901 జులై 1, వ్యాసం పక్కనుండే సమాచారపెట్టెలో ఎవరో పెట్టింది 1900. జాతకంలో "వికారి నామ సంవత్సర పుష్య బహుళ పంచమి" అని ఉందట.

మూడోది, "వీరి పూర్వీకులు కాకతీయుల కొలువులో మంత్రులు" అనే వాక్యం. దీనికీ ఆ పుస్తకమే ఆధారం. ఒక దినపత్రిక అనుబంధంలో కూడా వచ్చిందని ఇంకో లింకు ఇచ్చారు.

ఇందులో ఏది ఉంచాలి, ఏది తీయాలి? తీసేటప్పుడు చర్చా పేజీలో ఏమని రాయాలి?

---

మూలాలవేట

వంశవృక్షాన్ని ఆధారం దొరికే చోటు చూపించే ఆనవాలుగా వాడుకోండి. దాన్నే ఆధారంగా పెడితే ఈ తగువు తెమలదు. ఎందుకంటే రెండో శాఖ రేపు ఇంకో వంశవృక్షం అచ్చేయించుకొస్తుంది, రెండింట్లో ఏది సరైందో తేల్చే అధికారం వికీ వాడుకరులకు లేదు.

జెనీ లింకు ముందు తీసేయండి. జెనీ, వికీట్రీ, యాన్సెస్ట్రీ చెట్లు ఎవరైనా అకౌంటు తెరిచి రాసుకునేవి. ఇంగ్లీషు వికీపీడియాలో వీటిని నమ్మదగని మూలాల కింద ఎప్పుడో లెక్కకట్టేశారు, తెలుగులో వేరుగా వాదించుకోవాల్సిన పని లేదు. ఫ్యామిలీసెర్చ్ దగ్గర మాత్రం ఒక తేడా చూడాలి. అక్కడి చెట్టు పనికిరాదు, అక్కడ స్కాన్ చేసి పెట్టిన రిజిస్టరు పుట అయితే ప్రాథమిక పత్రం. ప్రాథమిక పత్రం నుంచి అందులో ఉన్న ముక్కను ఉన్నట్టుగా చెప్పవచ్చు. రెండు పత్రాలు పక్కపక్కన పెట్టుకుని మనమే ఒక తీర్పు రాస్తే అది మౌలిక పరిశోధన (మనం సొంతంగా తేల్చినది, వికీలో కూడదు) కిందికి వస్తుంది.

కుటుంబం అచ్చేయించిన పుస్తకానిది మధ్యరకం సంగతి. రాసినాయన ఎవరు? చరిత్రకారుడిగా, పండితుడిగా బయట గుర్తింపు ఉన్నవాడా? ప్రచురణకర్త ఎవరు? గ్రంథాలయంలో దొరుకుతుందా? ఈ మూడింటికీ జవాబు లేకపోతే, వివాదం లేని చిన్న సంగతికి మాత్రం "కుటుంబం ప్రచురించిన వంశవృక్షం ప్రకారం" అని వాక్యంలోనే చెప్పి వాడుకోవచ్చు. వివాదం ఉన్నదానికి, బతికున్నవాళ్ళకు సంబంధించినదానికి అసలు వద్దు.

దత్తత విషయంలో దత్తతవైపు వారి వాదన నిలవదు. 1956 నాటి హిందూ దత్తత, పోషణ చట్టం వారసత్వం, ఆస్తి, కుటుంబ హక్కుల లెక్క చూస్తుంది. జీవితచరిత్రలో ఏం రాయకూడదో అది చెప్పదు. పైగా ఈయన దత్తత ఆ చట్టం పుట్టకముందుది. శ్రీశ్రీ వ్యాసమే చూడండి. పూడిపెద్ది వెంకటరమణయ్యకు పుట్టి శ్రీరంగం సూర్యనారాయణకు దత్తు వెళ్ళడం వల్ల ఇంటిపేరు శ్రీరంగం అయింది. ఆ ఒక్క వాక్యం తీసేస్తే పాఠకుడికి ఇంటిపేరే అర్థం కాదు. మీ వ్యాసంలోనూ అంతే: దత్తత తండ్రి పేరు, కన్నతండ్రి పేరు, ఏ వయసులో దత్తత, ఇంటిపేరు ఏదైంది. ఒకటి రెండు వాక్యాలు చాలు.

మూలం ఎక్కడ దొరుకుతుందంటే, బడి రికార్డులోనూ జైలు రిజిస్టరులోనూ "తండ్రి పేరు" గడిలో దత్తత తండ్రే ఉంటాడు, కాబట్టి అవి ఈ తగువును తేల్చవు. ఆయన రచయిత కదా, ఆయన పుస్తకాల తొలి ముద్రణల్లో ముందుమాట, అంకితం పుటలు తిరగెయ్యండి. కన్నవాళ్ళకు అంకితమిస్తూ నాలుగు మాటలు రాసి ఉండే అవకాశం ఎక్కువ. తన గురించి తాను అచ్చులో చెప్పుకున్నది తన తల్లిదండ్రుల విషయంలో చెల్లుతుంది. ఆ తరం రచయితలకు సన్మాన సంచికలు, షష్టిపూర్తి సంచికలు వేసేవారు, వాటిలో జీవిత విశేషాల వ్యాసం తప్పకుండా ఉంటుంది.

---

పంచాంగం పుట

తేదీ చిక్కు నేను విప్పుతాను. మీరిచ్చిన దాంట్లోనే జవాబుంది.

వికారి నామ సంవత్సరం 1899 ఏప్రిల్ ఉగాదితో మొదలై 1900 మార్చి చివర్లో ముగిసింది. పుష్యం పదో నెల. ఆ ఏడు అధికమాసమేదీ అడ్డం రాలేదు, పుష్యం 1900 జనవరిలో పడింది. బహుళ పంచమి అంటే ఆ జనవరి రెండో సగం. వంశవృక్షం రాసినవారు పంచాంగం వెనక పట్టికలో "వికారి: 1899" అని చూసి అదే వేసేశారన్నమాట. ఇలాంటి పుస్తకాల్లో అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. మార్గశిరం దాటాక పుట్టినవాళ్ళందరికీ, అంటే పుష్య, మాఘ, ఫాల్గుణాల వాళ్ళకి, ఒక ఏడాది వెనక్కి పోతుంది. పుష్యం కొన్నేళ్ళలో డిసెంబరులోనే మొదలవుతుంది కాబట్టి శుద్ధంలో పుట్టినవారికి ఆ ఏటి పంచాంగం విప్పి చూడాల్సిందే.

అరవయ్యేళ్ళ చక్రం కూడా చూసుకోవాలి. వికారి 1839లో వచ్చింది, 1899లో వచ్చింది, 1959లో వచ్చింది, మళ్ళీ 2019లో వచ్చింది. ఈయన విషయంలో అనుమానం లేదు గానీ, రెండు మూడు తరాలు వెనక్కి వెళితే తాత పుట్టుక మనవడికి, మనవడిది తాతకు అంటిన పుస్తకాలున్నాయి. ఒకే పేరు తాతకూ మనవడికీ పెట్టుకునే అలవాటు మనది కాబట్టి ఇది తేలిగ్గా జరిగిపోతుంది.

1901 జులై 1 బడిలో వేసిన తేదీ. బడిలో చేర్చేటప్పుడు వయసు ఉజ్జాయింపుగా చెప్పేవారు, గుమాస్తా విద్యా సంవత్సరానికి అనువైన తేదీ వేసుకునేవాడు. కొట్టెయ్యక్కర్లేదు, "బడి రికార్డుల్లో 1901 అని ఉంది" అని పాదసూచికలో పెట్టండి.

అయితే నేను పైన కట్టిన లెక్కను మూలంగా చూపకండి. జాతకం అచ్చులో లేదు, లెక్క నాది. దీన్ని ఇలా వాడుకోండి: 1900 జనవరిలో పుట్టినాయనకు షష్టిపూర్తి మళ్ళీ వికారి పుష్యంలోనే, అంటే 1960 జనవరిలో జరిగి ఉండాలి. ఆ నెల ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ సంచికలు వెతకండి. ప్రెస్ అకాడమీ పాత పత్రికలు చాలావరకు డిజిటైజ్ చేసింది, ఆర్కైవ్.ఆర్గ్‌లోనూ కొన్ని ఉన్నాయి. సభ వార్త దొరికితే సంవత్సరానికి అచ్చు మూలం దొరికినట్టే.

రెవెన్యూ కాగితాలు బయటికొస్తే ఇంకో మాట. ఫసలీ (పాత రెవెన్యూ లెక్కల) సంవత్సరానికి 590 కలపాలి. మద్రాసు వైపు ఫసలీ జులైలో మొదలవుతుంది, నిజాం రాజ్యంలో అక్టోబరులో. ఫసలీ 1310 అని ఉంటే 1900-01 అన్నమాట, ఒక్క ఏడాదిగా రాయకూడదు.

---

ఓరుగల్లు పాఠకుడు

కాకతీయుల మంత్రులు అనే వాక్యం వెంటనే తీసేయండి. దీనికి కారణం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది ఈ ఒక్క వ్యాసం జబ్బు కాదు.

వంశావళి అనేది రాయించుకున్నవాడి అవసరం కొద్దీ మారుతుంది. కాకతీయుల మీదే చూడండి. గణపతిదేవుడి మోటుపల్లి శాసనం వాళ్ళ మూలపురుషుడు దుర్జయుడి పూర్వీకుల్లో రాముణ్ణి చేర్చి సూర్యవంశం దాకా తీసుకెళ్తుంది. అదే గణపతిదేవుడి సేనాని మల్యాల గుండన వైపు బూదపూరు శాసనం కాకతీయులను చతుర్థ కులం వారు (శూద్రులు) అంటుంది. ఒకే కాలం, ఒకే రాజు, రాతిమీద చెక్కిన మాటే రెండు రకాలు. చరిత్రకారుడు రెండింటినీ పక్కపక్కన పెట్టి ఎవరు ఏ సందర్భంలో ఎందుకు అలా చెప్పుకున్నారో విచారిస్తాడు. వికీ వ్యాసం ఆ చరిత్రకారుడు చెప్పినదాన్ని సంగ్రహిస్తుంది. శాసనాన్ని మనమే చదివి ఒకటి ఎంచుకోకూడదు.

ఇంకో ఉదాహరణ బస్తర్. ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమరాజు ఓరుగల్లు పతనం తర్వాత బస్తర్ వెళ్ళి రాజ్యం స్థాపించాడని అక్కడి రాజవంశం చెప్పుకుంటుంది. దంతేవాడలో దిక్పాలదేవుడి 1703 నాటి శాసనం దీనికి ఆధారం. కానీ ఓరుగల్లు పతనం 1323. ఆ శాసనం చెప్పే తరాలు ఎనిమిది. 380 ఏళ్ళను ఎనిమిదితో భాగిస్తే తరానికి సుమారు 47 ఏళ్ళు వస్తుంది. మామూలుగా తరానికి 25 నుంచి 30 ఏళ్ళు వేసుకుంటాం, ఆ లెక్కన కనీసం పన్నెండు, పదమూడు తరాలుండాలి. నడుమ పేర్లు జారిపోయాయి, లేదా కాకతీయులకు కలిపే మొదటి కొక్కేన్ని తర్వాతి కాలంలో తగిలించారు. అందుకే చరిత్రకారులు దీన్ని నమ్మకంగా తీసుకోలేదు. 2022 జులైలో వరంగల్లులో కాకతీయ వైభవ సప్తాహానికి ఆ వంశం వారసుణ్ణి పిలిచినప్పుడు పత్రికలన్నీ రాశాయి. ఆ వార్తలు సభ జరిగిందనడానికి మూలాలు. వంశం నిజమనడానికి కావు.

మీ చేతిలో ఉన్న పుస్తకానికి ఇదే పరీక్ష పెట్టండి. 1900లో పుట్టినాయన నుంచి 1323 దాకా 577 ఏళ్ళు. ఇరవై తరాలైనా పేర్లు ఉన్నాయా? చాలా పుస్తకాల్లో ఆరేడు తరాల దాకా ఊరు, గోత్రం, భార్య పేరు చక్కగా ఉంటాయి. ఆపైన ఒక్కసారిగా "వీరి వంశీకులు" అనే మాట వచ్చి నాలుగు వందల ఏళ్ళు దూకేస్తుంది. ఆ దూకుడు కనిపించిన పుట సంఖ్య చర్చా పేజీలో రాయండి, వాదన అక్కడే తెగుతుంది.

పత్రిక అనుబంధం లింకు సంగతి: వ్యాస చరిత్ర తెరిచి ఆ వాక్యం ఏ తేదీన చేరిందో చూడండి. పత్రిక తేదీ దాని తర్వాతది అయి, పదాలు కూడా అవే అయితే, విలేఖరి వికీ నుంచే తీసుకున్నాడు. అప్పుడది మూలం కాదు, మన వ్యాసానికే నీడ.

---

తాళపత్రం

పై ముగ్గురితో నాకు కొంత పేచీ ఉంది. ఇంగ్లీషువాళ్ళకు పారిష్ రిజిస్టర్లున్నాయి, ప్రచురితమైన జీవితచరిత్ర నిఘంటువులున్నాయి. మనకేమున్నాయి? రెడ్డి కుటుంబాల గోత్రాలు, వంశాలు తరతరాలుగా పిచ్చుకుంట్లవారి నోట ఉన్నాయి. రాజుల ఇళ్ళలో భట్రాజులు చెప్పేవారు. హరిద్వారం పండాల (తీర్థ పురోహితుల) బహీల్లో, అంటే ఖాతా పుస్తకాల్లో, వచ్చిన ప్రతి యాత్రికుడి ఊరు, తండ్రి, తాత పేర్లు రాసుకున్నారు. మన ప్రబంధాల అవతారికల్లో (మొదట్లోని పరిచయ భాగాల్లో) కృతిభర్త, అంటే కావ్యం అంకితం పుచ్చుకున్నవాడి, వంశవర్ణన ఉంటుంది. ఇవన్నీ "నమ్మదగనివి" అని ఒక్క గీత గీస్తే, జిల్లా స్థాయి మనిషికి, దళిత, బహుజన రచయితకి వ్యాసమే ఉండదు. పత్రికలు వాళ్ళ గురించి రాయలేదు కాబట్టి వాళ్ళు లేనట్టేనా? కుటుంబం దాచిన కాగితమే చాలామందికి మిగిలిన ఒకే ఆధారం.

---

మూలాలవేట

తాళపత్రం గారూ, మీరు చెప్పిన లోటు నిజం. దాన్ని పూడ్చాల్సిన చోటు మాత్రం వికీపీడియా కాదు, దానికి ఒక మెట్టు కింద.

అవతారికల మాటే తీసుకోండి. అందులో రెండు పొరలుంటాయి. కవి తన గురించి చెప్పుకున్నది గట్టిది: భాగవతంలో పోతన రాసిన స్కంధాల చివరి గద్యలో "కేసనమంత్రిపుత్ర" అని వస్తుంది, తండ్రి కేసన అనడానికి అంతకంటే ఏం కావాలి? సాహిత్య చరిత్రకారులూ దాన్నే ఆధారం చేసుకున్నారు. కృతిభర్త వంశం చంద్రుడి దగ్గర మొదలవడం మాత్రం కావ్య మర్యాద. ఇక ఈనాడు ఒక కుటుంబం మేము పోతన వంశస్థులమంటే, దానికి గద్య సాక్ష్యం చెప్పదు. 

నోటి వంశావళులకూ దారి ఉంది. ఎవరైనా పరిశోధకుడు రికార్డు చేసి, విశ్వవిద్యాలయ సిద్ధాంత గ్రంథంలోనో జానపద విజ్ఞాన పత్రికలోనో వేస్తే, ఆ ప్రచురణను ఉదహరించవచ్చు. కుటుంబం దగ్గరున్న ఉత్తరాలు, జైలు కాగితాలు స్థానిక చరిత్ర రాసేవారికి ఇచ్చి, ఆయన పేరుతో వ్యాసం వేయించండి. ఒక ప్రతి జిల్లా గ్రంథాలయానికి ఇవ్వండి. శ్రమే, కాదనను. కానీ అలా వచ్చిన వ్యాసం ఏ శాఖవాళ్ళు వచ్చినా తీయలేనిది అవుతుంది. దళిత రచయితల విషయంలో ఇది మరింత అవసరం, ఎందుకంటే వాళ్ళ వ్యాసాలకే "మూలాలు లేవు" అనే మూస (హెచ్చరిక పట్టీ) తొందరగా పడుతుంది.

---

ఆడపడుచు

ఎవరూ ఎత్తని సంగతి ఒకటి. వంశవృక్షాల్లో ఆడపిల్లలుండరు. నలుగురు కొడుకుల పేర్లు, వాళ్ళ కొడుకుల పేర్లు ఉంటాయి, కూతుళ్ళ చోట "కుమార్తెలు ఇద్దరు" అని ఉంటుంది. భార్య పేరుంటే పుట్టింటి ఇంటిపేరు ఉండదు. మొదటి భార్య చిన్నప్పుడే పోతే ఆమె గీతే ఉండదు. అలాంటి పుస్తకం నుంచి "కుటుంబం" విభాగం రాస్తే, సత్యాగ్రహంలో ఆయనతోపాటు జైలుకెళ్ళిన చెల్లెలో, రాతప్రతులకు సాపు ప్రతి రాసిన కూతురో వ్యాసంలోంచి మాయమవుతారు. సంతానం సంఖ్య రాసేముందు సన్మాన సంచిక, మరణవార్త చూసి సరిపోల్చుకోండి. పుస్తకంలో నలుగురే ఉన్నారని "నలుగురు సంతానం" అని రాయకండి.

ఇంకొకటి, బతికున్నవాళ్ళు. మనవలు, మునిమనవల పేర్లు, ఊళ్ళు, ఉద్యోగాలు వ్యాసంలో ఉంటే చర్చ లేకుండా తీసేయవచ్చు. వాళ్ళు స్వయంగా ప్రసిద్ధులై సొంత వ్యాసం ఉంటే తప్ప అక్కర్లేదు. మైనర్ల పేర్లు అసలు వద్దు. బతికున్న మనిషి కులం, గోత్రం వంశవృక్షం చూసి రాయకూడదు. ఇంగ్లీషు వికీలో ఆ వ్యక్తి తానుగా చెప్పుకుంటే తప్ప కులం రాయనివ్వరు, తెలుగులోనూ అదే పాటించడం మంచిది. ఎవరో తెలివిగా పాత పాఠంలో ఫోన్ నంబరో చిరునామానో పెట్టి ఉంటే, దిద్దుబాటు రద్దు చేస్తే చాలదు, అది చరిత్రలో కనబడుతూనే ఉంటుంది. నిర్వాహకుణ్ణి అడిగి ఆ కూర్పును దాచించాలి.

వికీల సమాచారాన్ని గడులుగా దాచే వికీడేటా కూడా చూడండి. సమాచారపెట్టె లాంటి కొన్ని మూసలు అక్కడి నుంచే సమాచారం లాగుతాయి, అందుకే వ్యాసంలో తీసినా పెట్టెలో మళ్ళీ ప్రత్యక్షమవుతుంది. తండ్రి అనే లక్షణం పీ22. రెండు విలువలూ ఉంచి, దత్తత తండ్రి అని బంధుత్వ విశేషణం చేర్చి, రెండింటికీ మూలం పెట్టండి. జెనీ ఐడీ అక్కడ ఉండవచ్చు, అది గుర్తింపు సంఖ్య మాత్రమే. దాన్నే తండ్రి పేరుకు మూలంగా ఇచ్చి ఉంటే ఆ మూలం తీసేయండి.

---

గోదారిగట్టు

అందరికీ ధన్యవాదాలు. పుస్తకంలో 62వ పుట దగ్గర ఓరుగల్లు పాఠకుడు గారు చెప్పిన దూకుడు ఉంది, ఏడు తరాల పైన ఒకే వాక్యం. సన్మాన సంచిక ఒక పాత గ్రంథాలయంలో ఉందని తెలిసింది, అందులో కన్నతండ్రి పేరు, దత్తత రెండూ ఉన్నాయట. చర్చా పేజీలో ఇలా పెడదామనుకుంటున్నాను, చూడండి:

"సుప్రసిద్ధ రచయిత అయిన ఈయన 1900 జనవరిలో ఫలానా వారికి జన్మించి, అయిదో ఏట పెదతండ్రికి దత్తత వెళ్ళాడు. కొందరు 1899 అని పొరపాటుగా భావిస్తారు. వంశవృక్షం ప్రకారం వీరు కాకతీయుల మంత్రుల వంశం."

ఇంతలో ఇద్దరూ మళ్ళీ ఒకరిదొకరు రద్దు చేసుకుంటున్నారు.

---

మూలాలవేట

"సుప్రసిద్ధ" తీసేయండి. "పొరపాటుగా భావిస్తారు" అనేది మన తీర్పు, దాని బదులు "బడి రికార్డుల్లో 1901, కుటుంబ వంశవృక్షంలో 1899 అని ఉంది" చాలు, అదీ పాదసూచికలో. కాకతీయుల వాక్యం "ప్రకారం" అని తగిలించినా వద్దు. ఆయన జీవితాన్ని అర్థం చేసుకోవడానికి అది ఏ విధంగానూ పనికిరాదు. సంచికకు సంపాదకుడి పేరు, ప్రచురించిన సంఘం, సంవత్సరం, పుట సంఖ్య పూర్తిగా ఇవ్వండి, ఆ పుట ఫొటో తీసి దగ్గర ఉంచుకోండి. అడిగినవారికి చూపించడానికే, వికీమీడియా బొమ్మల భాండారం కామన్స్‌లో ఎక్కించడానికి కాదు. సంచికలో వ్యాసం రాసినవారి కాపీహక్కు ఇంకా ఉండి ఉండవచ్చు.

ముందు ఈ పాఠాన్ని చర్చా పేజీలో పెట్టి, ఇద్దరి వాడుకరి చర్చా పేజీల్లోనూ కబురు పెట్టి ఒక వారం ఆగండి. "మీకు అభ్యంతరముంటే ఏ వాక్యానికి, ఏ ప్రచురిత మూలంతో" అని అడగండి. కుటుంబ సభ్యులైతే ఆ సంగతి తమ వాడుకరి పేజీలో చెప్పుకుని, వ్యాసంలో నేరుగా రాయకుండా చర్చా పేజీలోనే సూచించమనండి. ఈలోగా మీరు మాత్రం రద్దుల పోటీలో దిగకండి. 24 గంటల్లో మూడు తిరుగుసేతలు దాటితే మీ వాదన సరైనదైనా నిరోధం మీకూ పడుతుంది. వారం తర్వాతా ఆగకపోతే రచ్చబండలో (తెలుగు వికీ ఉమ్మడి చర్చా పేజీలో) చర్చ లింకు ఇచ్చి, పేజీకి కొన్నాళ్ళు సంరక్షణ పెట్టమని నిర్వాహకులను అడగండి.

ఆయన 1963లో పోయారన్నారు కదా, అరవయ్యేళ్ళ గడువు ముగిసి 2024 జనవరి 1 నుంచి ఆయన సొంత రచనలు సార్వజనికమయ్యాయి. రెండు శాఖల దగ్గరా ఉన్న తొలి ముద్రణలు స్కాన్ చేయించి వికీసోర్సులో ఎక్కించమని వాళ్ళనే అడగండి. ముందుమాటల్లో ఆయన తన గురించి ఏం రాసుకున్నాడో అప్పుడు అందరూ చదువుకోవచ్చు.